మూడు రోజుల మ్యూజిక్ ఫెస్ట్‌కి ఎలక్ట్రిక్ కారులో వెళ్తున్నాం, మా చార్జింగ్ ప్లాన్ ఒకసారి చూస్తారా?

పాటలబాట
అందరికీ నమస్కారం. వచ్చే నెలలో నలుగురం కలిసి మూడు రోజుల మ్యూజిక్ ఫెస్ట్‌కి మా ఎలక్ట్రిక్ కారులో వెళ్తున్నాం. ఊళ్ళకు దూరంగా, పొలాల మధ్య పెద్ద మైదానంలో జరుగుతుంది. రాత్రుళ్ళు అక్కడే గుడారాల్లో ఉంటాం. పార్కింగ్ ఇస్తారట కానీ చార్జింగ్ పాయింట్లు ఉండవని నిర్వాహకులు ముందే చెప్పేశారు.

బ్యాటరీలో వాడుకోగలిగేది 50 యూనిట్లు. మైదానం ఇంటి నుంచి 340 కిలోమీటర్లు. 190 కిలోమీటర్ల దగ్గర హైవే మీద ఎనిమిది గన్‌లున్న (కారుకి తగిలించే చార్జింగ్ ప్లగ్గులు) పెద్ద స్టేషన్ ఉంది. హైవే దిగాక, 300 కిలోమీటర్ల దగ్గర ఒక చిన్న ఊళ్ళో రెండు గన్‌ల చార్జర్ ఉంది. అక్కడి నుంచి మైదానం ఇంకో 40.

ఇంట్లో ఫుల్ చేసుకుని బయల్దేరతాం. పైన రూఫ్ బాక్స్ ఉంటుంది కాబట్టి 100 కిలోమీటర్లకు 20 యూనిట్లు వేసుకున్నా. ఆ లెక్కన హైవే స్టేషన్‌కి 24 శాతంతో చేరతాం, 80 దాకా ఎక్కించుకుంటే మైదానానికి 20 శాతంతో చేరతాం. వచ్చేటప్పుడు చిన్న ఊళ్ళో చార్జింగ్ పెట్టుకుని ఇంటికి. ఇది సరిపోతుందా?

దారిలెక్క
వెళ్ళే లెక్క సరిగ్గానే ఉందండీ. తిరిగొచ్చే లెక్క ఇంకా వెయ్యలేదు మీరు.

20 శాతం అంటే మీ కారులో 10 యూనిట్లు. చిన్న ఊరికి 40 కిలోమీటర్లు, మీరు చెప్పిన ఖర్చు ప్రకారం 8 యూనిట్లు. మిగిలేది 2. మధ్యలో మూడు రోజులు కారు ఎండలో నిలబడి ఉంటుంది. ఆ నిలబడినందుకే ఒకటో రెండో యూనిట్లు పోతాయి. అంటే ఆ ఊరికి చేరడమే అనుమానం. చేరినా, ఫెస్ట్ నుంచి బయటికొచ్చిన ఎలక్ట్రిక్ కార్లన్నీ అప్పటికే అక్కడ ఉంటాయి.

రెండు గన్‌లు. ఒక్కో కారు 40 నిమిషాలు పెట్టుకుంటే గంటకు మూడు కార్లు. మీ ముందు పదిహేను కార్లుంటే ఐదు గంటలు. రాత్రంతా మేలుకుని, డ్రైవింగ్ చేయాల్సిన మనిషి ఆ ఐదు గంటలు రోడ్డు పక్కన నిలబడాలి. నాకు అన్నిటికంటే భయం వేసేది ఇక్కడే.

కాబట్టి ప్లాన్‌ని వెనక నుంచి మొదలుపెట్టండి. ఫెస్ట్ అయ్యాక దగ్గర్లో ఎక్కడా ఆగకుండా హైవే స్టేషన్ దాకా రావాలంటే ఎంత కావాలి? 150 కిలోమీటర్లు. ఆ చార్జింగ్ మైదానంలోకి అడుగుపెట్టేటప్పుడే కారులో ఉండాలి. మిగతా ప్లాన్ అంతా దానికోసమే.

నెమ్మది90
దారిలెక్క గారు చెప్పిందానికి ఇంకొక్క మాట. ఆ 20 యూనిట్ల ఖర్చు తగ్గించుకోవడం మీ చేతుల్లోనే ఉంది. రూఫ్ బాక్స్ తీసెయ్యండి. హైవే మీద రూఫ్ బాక్స్ ఒక్కటే పది నుంచి పాతిక శాతం దాకా ఖర్చు పెంచుతుంది. నలుగురి సామాను డిక్కీలో పట్టకపోతే కుర్చీలు, పెద్ద టేబుళ్ళు ఇంట్లో వదిలెయ్యడమే మంచిది.

తర్వాత వేగం. గాలి నిరోధం వేగం వర్గంతో పెరుగుతుంది. 90 నుంచి 110కి వెళ్తే ఆ నిరోధం దాదాపు ఒకటిన్నర రెట్లవుతుంది. 190 కిలోమీటర్ల దారిలో ఆ తేడాతో మిగిలే సమయం అరగంట కూడా ఉండదు, ఆ అరగంటా చార్జర్ దగ్గర తిరిగి ఇచ్చెయ్యాల్సిందే. టైర్లలో గాలి కూడా చూసుకోండి. నలుగురు మనుషులు, సామాను ఉన్నప్పుడు ఎంత ఉండాలో డ్రైవర్ డోరు దగ్గర స్టిక్కర్ మీద వేరుగా రాసి ఉంటుంది.

పాటలబాట
చాలా థ్యాంక్స్ ఇద్దరికీ. రూఫ్ బాక్స్ లేకుండా, 90 లోపు వెళ్తే మా కారు 16 యూనిట్లు తీసుకుంటుంది. దాంతో మళ్ళీ లెక్క వేస్తే ఎలా ఉంటుందంటారు?

దారిలెక్క
వేసేశాను, చూడండి.

ఇంటి నుంచి హైవే స్టేషన్‌కి 190 కిలోమీటర్లకు 30 యూనిట్ల చిల్లర, అంటే 61 శాతం. 39తో చేరతారు. అక్కడ 80 దాకా ఎక్కించండి. చిన్న ఊరికి 110 కిలోమీటర్లకు 35 శాతం పోతే 45తో చేరతారు. అక్కడ 90 దాకా ఎక్కిస్తే మైదానానికి 77తో వెళ్తారు. మూడు రోజుల నిలబాటుకు 5 శాతం తీసెయ్యండి, 72. తిరుగుదారిలో హైవే స్టేషన్‌ దాకా 48 శాతం. చిన్న ఊరిని దాటుకుంటూ వచ్చేసి 24 శాతంతో హైవే ఎక్కుతారు. అక్కడ ఎనిమిది గన్‌లున్నాయి. ఫెస్ట్ జనం కూడా అక్కడికి వచ్చేసరికి నాలుగు దిక్కులకూ చీలిపోయి ఉంటారు.

ఎదురుగాలి, వాన ఉంటే ఆ 24 కాస్తా 15కి దిగొచ్చు. అయినా ఇబ్బంది లేదు. అంతకంటే తక్కువకు ప్లాన్ చేసుకోవద్దు.

దారిలో ఎత్తులున్నాయా? మనుషులతో కలిపి రెండు టన్నుల కారు 100 మీటర్లు పైకెక్కడానికి అరయూనిట్‌కి కాస్త ఎక్కువ పడుతుంది. దిగేటప్పుడు అందులో సగం పైనే తిరిగొస్తుంది కానీ మొత్తం రాదు. మైదానం 400 మీటర్ల ఎత్తులో ఉంటే వెళ్ళేటప్పుడు రెండు యూనిట్లు అదనంగా వేసుకోండి.

మూడోవరుస
ఫెస్ట్‌లకు ఎక్కువగా తిరిగే మనిషిగా చెప్తున్నా. ఈ లెక్కలో ఒక ఇబ్బంది ఉంది. చిన్న ఊళ్ళో 45 నుంచి 90 దాకా అంటే 22 యూనిట్లు. అలాంటి ఊళ్ళలో ఉండేది మహా అయితే 50 కిలోవాట్ల చార్జర్, రెండు గన్‌లూ వాడుతుంటే చాలా చోట్ల ఆ 50నే చెరిసగం పంచుతుంది. అంటే 50 నిమిషాల పైనే. 80 దాటాక కారే తీసుకోవడం తగ్గించేస్తుంది కాబట్టి ఇంకా ఎక్కువ. ఫెస్ట్ మొదటి రోజు మధ్యాహ్నం అందరూ అదే సమయంలో అక్కడికి వస్తారు. మీరు 90 దాకా గన్ పట్టుకుని కూర్చుంటే వెనకవాళ్ళ పరిస్థితి ఏంటి? వాళ్ళలో 8 శాతంతో వచ్చినవాళ్ళు కూడా ఉంటారు.

దారిలెక్క
నిజమే. అందుకే వేళ మార్చమంటాను. గేట్లు తెరిచే రోజు పొద్దున్నే అక్కడ ఉండేలా, అంటే ఇంటి నుంచి తెల్లవారుజామున బయల్దేరితే మధ్యాహ్నపు రద్దీ తగలదు. గేట్లు ముందు రోజు సాయంత్రమే తెరుస్తుంటే ఇంకా మంచిది.

రెండో దారి, హైవే స్టేషన్‌లోనే 90, 95 దాకా ఎక్కించెయ్యడం. అక్కడ గన్‌లు ఎక్కువ కాబట్టి ఆఖరి శాతాలు నెమ్మదిగా ఎక్కినా ఎవరికీ అడ్డు కాదు. అప్పుడు చిన్న ఊళ్ళో పావుగంటో ఇరవై నిమిషాలో సరిపోతుంది. బ్యాటరీ 80 లోపు ఉన్నప్పుడు వేగంగా ఎక్కుతుంది కాబట్టి పక్కవాళ్ళకు కూడా గన్ త్వరగా ఖాళీ అవుతుంది.

మూడోవరుస
ఇది ఒప్పుకుంటాను.

కొత్తబండి
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మైదానంలో స్టేజీలకు పెద్ద పెద్ద జనరేటర్లు ఉంటాయి కదా, స్టాళ్ళకు కూడా ప్లగ్గులు ఉంటాయి. మన కారుతో వచ్చే పోర్టబుల్ చార్జర్‌ని ఎక్కడో ఒక చోట రాత్రంతా తగిలించుకుంటే సరిపోదా? ఎవరినైనా అడిగితే ఒప్పుకుంటారేమో.

వైరుమేస్త్రి
వద్దు తమ్ముడూ. నేను ఇలాంటి తాత్కాలిక వైరింగ్ పనులే చేస్తాను, అందుకే కాస్త వివరంగా చెప్తాను.

మొదటిది ఎర్తింగ్. కారు చార్జర్ కరెంటు వదిలే ముందు ఎర్త్ ఉందో లేదో చూసుకుంటుంది. చిన్న జనరేటర్లలో చాలావాటికి న్యూట్రల్‌ని ఎర్త్‌కి కలపరు. ఫ్యాను తిరుగుతుంది, బల్బు వెలుగుతుంది, కారు మాత్రం ఎర్త్ ఫాల్ట్ అని చూపించి ఆగిపోతుంది. అది చార్జర్ పాడవడం కాదు, మన ప్రాణం కోసం పెట్టిన ఏర్పాటు. ఆ హెచ్చరిక రాకుండా ఎర్త్‌ని ఎలాగోలా మోసం చేసే చిట్కాలు వీడియోల్లో కనిపిస్తుంటాయి. తడి నేల మీద, జనం తిరిగే చోట అలాంటి పని చేస్తే ఎవరో ఒకరు కారు డోరు ముట్టుకుని షాక్ తింటారు.

రెండోది లోడ్. స్టాల్ వాళ్ళ లైను వాళ్ళ ఫ్రిజ్‌లకు, లైట్లకు లెక్కవేసి లాగింది. కారు 16 ఆంప్స్ లాగితే అది మూడున్నర కిలోవాట్లు, అదీ ఒక నిమిషం కాదు, గంటల తరబడి. బ్రేకర్ ట్రిప్ అయితే ఆ పక్కన ఐదారు స్టాళ్ళు చీకటవుతాయి. ట్రిప్ అవ్వకపోతే ఇంకా ప్రమాదం, ప్లగ్గు లోపల వేడెక్కుతూనే ఉంటుంది.

మూడోది ఎక్స్‌టెన్షన్. రీలుకి చుట్టి ఉన్న వైరులో వేడి బయటికి పోదు. పైన ప్లాస్టిక్ తొడుగు కరిగిపోయిన రీళ్ళు నేను చాలా చూశాను. ఎప్పుడైనా తప్పనిసరై వాడాల్సి వస్తే, 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, పూర్తిగా విప్పి పరిచి, జాయింటు నేలకు ఎత్తులో, ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) ఉన్న లైను మీద మాత్రమే. చార్జర్‌లో ఆంప్స్ 10కి తగ్గించండి. కానీ ఇదంతా ఒక ఇంటి దగ్గర, తెలిసినవాళ్ళ ప్లగ్గు దగ్గర చేసే పని. పదిమంది నడిచే మైదానంలో కాదు.

నిర్వాహకులు స్వయంగా చార్జింగ్ పాయింట్లు పెడితే మాత్రం నిశ్చింతగా వాడుకోండి. వాళ్ళు దానికి వేరే లైను, వేరే రక్షణ పెడతారు.

కొత్తబండి
ఇంత ఉందని తెలియదు అన్నా. సొంతంగా చిన్న జనరేటర్ తీసుకెళ్తే?

వైరుమేస్త్రి
చాలా ఫెస్ట్‌లలో క్యాంపింగ్‌లోకి రానివ్వరు, పెట్రోలు మంటకు అంటుకుంటుందని. పైగా అదే ఎర్త్ సమస్య. రెండు కిలోవాట్ల జనరేటర్ రాత్రంతా మోగితే పక్క గుడారంలో ఎవరూ నిద్రపోరు.

గుడారం
నా పద్ధతి వేరు. మాది కరెంటు బయటికిచ్చే కారు. కొన్ని మోడళ్ళు 3.6 కిలోవాట్ల దాకా ఇస్తాయి, హ్యుందాయ్ అయానిక్ 5 లాంటివి. క్యాంప్‌లో చిన్న ఫ్రిజ్, రెండు లైట్లు, అందరి ఫోన్లు దానితోనే నడిపిస్తాను. పాటలబాట గారూ, మీ కారులో ఆ సౌకర్యం ఉంటే వదులుకోకండి. ఫ్రిజ్‌కి రోజుకు యూనిట్ చిల్లర పోతుంది, ఫోన్ ఫుల్ చార్జింగ్‌కి యూనిట్‌లో వందో వంతు, మహా అయితే రెండు వంతులు. మూడు రోజులకు అంతా కలిపి నాలుగైదు యూనిట్లు. కానీ సెట్టింగ్స్‌లో ఎంత శాతం దగ్గర ఆగిపోవాలో ముందే పెట్టెయ్యండి. 60 అని పెడితే అక్కడికి రాగానే అదే ఆపేస్తుంది, ఎవరూ కాపలా కాయక్కర్లేదు.

దారిలెక్క
గుడారం గారూ, పార్కింగ్, క్యాంపింగ్ ఒకే చోట ఉంటేనే ఇది. చాలా ఫెస్ట్‌లలో కార్లు ఒక పొలంలో, గుడారాలు ఇంకో పొలంలో. పైగా ఫ్రిజ్ తినేదే కాదు, కరెంటు ఇవ్వడానికి కారు మేలుకుని ఉండాలి, దానికీ కొంత పోతుంది. వీళ్ళకున్నది 50 యూనిట్లే. 80 యూనిట్ల బ్యాటరీ ఉన్నవాళ్ళు ఇలా వాడుకోవచ్చు. వీళ్ళకు ఫోన్ల కోసం రెండు పవర్ బ్యాంకులు చాలు.

గుడారం
బ్యాటరీ చిన్నదైతే మీరన్నది సబబే. అయితే కారులో నిద్రపోవాలనుకునేవాళ్ళకు ఒక అంకె ఇస్తాను. రాత్రంతా ఏసీ గానీ హీటరు గానీ వేసుకుంటే బయటి వాతావరణాన్ని బట్టి గంటకు అరయూనిట్ నుంచి ఒక యూనిట్. ఎనిమిది గంటలకు నాలుగు నుంచి ఎనిమిది. అంటే 50 యూనిట్ల కారులో ఒక్క రాత్రికి 8 నుంచి 16 శాతం. మూడు రాత్రులు అలా పడుకుంటే తిరుగుదారి చార్జింగ్ అక్కడే అయిపోతుంది. పడుకునే ముందు పావుగంట వేసుకుని ఆపేస్తే సరిపోతుంది.

చలిగాలి
నిలబడి ఉన్నప్పుడు 5 శాతం అన్నారు కదా. అది కారుని నిజంగా నిద్రపోనిస్తేనే. కెమెరాలతో చుట్టూ కాపలా కాసే మోడ్ ఆన్‌లో ఉంటే ఆ 5 కాస్తా ఎక్కడికో పోతుంది. టెస్లాలో దాన్ని సెంట్రీ మోడ్ అంటారు, గంటకు సుమారు ఒక మైలు రేంజ్ తింటుంది. 72 గంటలకు 115 కిలోమీటర్ల రేంజ్! వేల మంది నడిచే పార్కింగ్‌లో మనుషులు పక్కనుంచి వెళ్ళినప్పుడల్లా రికార్డింగ్ మొదలవుతుంది, పనికొచ్చేది ఏమీ ఉండదు. ఆఫ్ చేసెయ్యండి. ఎండలో క్యాబిన్ వేడెక్కకుండా తనంతట తాను ఏసీ వేసుకునే సెట్టింగ్ ఉంటే అది కూడా ఆఫ్. అద్దాలకు లోపలి నుంచి షేడ్లు పెట్టండి.

ఇంకోటి, ఫోన్ యాప్‌లో చార్జింగ్ ఎంతుందో పదే పదే చూడొద్దు. చూసినప్పుడల్లా కారు మేలుకుంటుంది, మళ్ళీ నిద్రలోకి వెళ్ళడానికి కొంత సమయం పడుతుంది. రోజుకొకసారి చాలు.

డోర్లు తెరిచి పెట్టుకుని, లోపలి లైట్లు వేసుకుని గంటలు గంటలు కూర్చునేవాళ్ళు 12 వోల్టుల చిన్న బ్యాటరీ సంగతి గుర్తుంచుకోవాలి. కొన్ని కార్లలో కారు ఆఫ్‌లో ఉంటే పెద్ద బ్యాటరీ నుంచి దానికి చార్జింగ్ అందదు. అది దిగిపోతే పెద్ద బ్యాటరీలో 70 శాతం ఉన్నా కారు లేవదు, ఒక్కోసారి డోరు కూడా తెరుచుకోదు.

పాటలబాట గారూ, మీ బ్యాటరీ ఎల్‌ఎఫ్‌పీనా (లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం), ఎన్‌ఎంసీనా (నికెల్, మాంగనీస్, కోబాల్ట్ రకం)?

పాటలబాట
ఎన్‌ఎంసీ. అందుకే ఇంట్లో మామూలుగా 80 దాటనివ్వను. ప్రయాణం కోసం 100 పెట్టడానికి మనసొప్పడం లేదు.

చలిగాలి
ప్రయాణానికి ముందు 100 పెట్టడంలో తప్పు లేదండీ. అది పాడుచేసేది 100లో రోజుల తరబడి ఎండలో వదిలేసినప్పుడు. బయల్దేరే వేళకు ఫుల్ అయ్యేలా టైమర్ పెట్టుకోండి. మైదానంలో మీ కారు 77తో నిలబడుతుంది కాబట్టి ఆ విషయంలో కూడా నిశ్చింతే. ఎల్‌ఎఫ్‌పీ ఉన్నవాళ్ళకు వేరే సంగతి. వాళ్ళు అప్పుడప్పుడూ 100 పెట్టాలి, లేకపోతే స్క్రీన్ మీద శాతమే తప్పు చూపించవచ్చు. ఇలాంటి ప్రయాణంలో తప్పు శాతం నమ్ముకోవడం కంటే టెన్షన్ ఇంకోటి లేదు.

చలి కాలమైతే హైవే స్టేషన్‌ని కారు మ్యాప్‌లో గమ్యంగా పెట్టండి. అలా పెడితే చాలా కార్లు చేరేలోపు బ్యాటరీని వెచ్చబెట్టుకుంటాయి. చల్లని బ్యాటరీతో 150 కిలోవాట్ల గన్ తగిలించినా 40 మాత్రమే తీసుకోవచ్చు.

మూడోవరుస
ఎవరూ మాట్లాడని సంగతి ఒకటుంది: సిగ్నల్. ఫెస్ట్ జరిగే చోట వేల ఫోన్లు ఒకే టవర్ మీద పడతాయి. మెసేజ్ కూడా వెళ్ళదు. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో కూడా అంతే. చార్జర్ యాప్‌తోనే మొదలవ్వాలంటే గన్ చేతిలో ఉంటుంది, కరెంటు ఉంటుంది, యాప్ మాత్రం తిరుగుతూనే ఉంటుంది. పోయిన ఫెస్ట్‌లో నా ముందున్న కుటుంబం గంటకు పైగా అలా ఇరుక్కుంది, చిన్నపిల్లలతో. చూస్తుంటే చాలా బాధేసింది.

కాబట్టి దారిలో ఉన్న ప్రతి చార్జర్ కంపెనీ యాప్ ఇంట్లోనే వేసుకోండి, రిజిస్టర్ అవ్వండి, వాలెట్‌లో డబ్బు పెట్టుకోండి. ఆర్‌ఎఫ్‌ఐడీ కార్డు ఇచ్చే కంపెనీ అయితే తప్పకుండా తెప్పించుకోండి, కార్డు తాకిస్తే మన ఫోన్ సిగ్నల్‌తో పని ఉండదు. మ్యాప్ కూడా ఆఫ్‌లైన్‌లో దించుకోండి. ఫోనే తాళంగా వాడేవాళ్ళు అసలు కీ కార్డు జేబులో పెట్టుకోండి. మూడో రోజుకు ఫోన్ దిగిపోతే కారు పక్కనే బయట నిలబడాల్సి వస్తుంది.

కొత్తబండి
వాన పడుతుంటే గన్ పెట్టొచ్చా? మా ఇంట్లో భయపడుతున్నారు.

వైరుమేస్త్రి
పెట్టొచ్చు. గన్ పూర్తిగా కూర్చుని, కారు, చార్జర్ ఒకదానితో ఒకటి మాట్లాడుకుని, ఇన్సులేషన్ బాగుందని చూసుకున్నాకే లోపల కరెంటు వస్తుంది. ఊడితే వెంటనే ఆగిపోతుంది. పగిలిన గన్, వైరు చిట్లిన చార్జర్ మాత్రం ముట్టుకోకండి. గన్‌లో మట్టి, బురద ఉంటే పెట్టకండి.

నెమ్మది90
వాన అన్నారు కాబట్టి గుర్తొచ్చింది. 2023 ఆగస్టులో జర్మనీలో వాకెన్ ఓపెన్ ఎయిర్ ఫెస్ట్‌కి మైదానం అంతా బురదైపోయి, నిర్వాహకులు కొత్తవాళ్ళని రానివ్వడం ఆపేశారు. దారిలో ఉన్నవాళ్ళను వెనక్కి తిరగమన్నారు. అదే ఏడాది సెప్టెంబరు మొదట్లో నెవాడా ఎడారిలో బర్నింగ్ మ్యాన్ దగ్గర వానకు నేల బంకలా మారి, బండ్లు కదపొద్దన్నారు. అనుకున్న రోజుకు వేలమంది బయటపడలేకపోయారు.

మన లెక్కకు దీని అర్థం ఏంటంటే, గేటు దాకా వెళ్ళాక వెనక్కి పొమ్మన్నా వెళ్ళగలిగేంత ఉండాలి. ఒకటి రెండు రోజులు అదనంగా ఇరుక్కున్నా ఉండాలి. దారిలెక్క గారి 77 శాతం ప్లాన్‌లో రెండూ కుదురుతాయి, మొదట అనుకున్న 20లో రెండూ కుదరవు.

బురదలో ఇరుక్కుంటే ట్రాక్టర్‌తో లాగుతారు. ఎలక్ట్రిక్ కార్లను డ్రైవ్ చక్రాలు నేల మీద తిరుగుతుండగా దూరం లాగకూడదు, మోటార్లు పాడవుతాయి. బయటికి తియ్యడానికి నాలుగు అడుగులు లాగడం వేరు, దానికి కూడా మీ మాన్యువల్‌లో ఏ మోడ్‌లో పెట్టాలో చూసి వెళ్ళండి. లాగే హుక్కు సాధారణంగా డిక్కీ అడుగున ఉంటుంది. సామాను అంతా దాని మీద సర్దితే బురదలో నిలబడి మొత్తం దించాలి. ముందే తీసి సీటు కింద పెట్టుకోండి. వీలైతే మైదానంలో గేటుకి దగ్గరగా, కాస్త ఎత్తుగా ఉన్న చోట నిలపమని అడగండి.

గుడారం
క్యూ గురించి నాదొక విన్నపం, అందరికీ. చిన్న ఊరి చార్జర్ దగ్గర కారు వదిలి తిరగడానికి వెళ్ళొద్దు. వెళ్ళక తప్పకపోతే అద్దం మీద ఫోన్ నంబరు, ఎంత శాతం దగ్గర తీస్తారో రాసి పెట్టండి. వెనక క్యూ ఉంటే 80 దగ్గర తీసెయ్యండి. ఎవరు ముందొచ్చారో ఒక కాగితం మీద వరసగా రాసుకుంటే గొడవలు రావు. అలసిపోయిన మనుషులు చార్జర్ దగ్గర అరుచుకోవడం చూశాను, మూడు రోజులు కలిసి పాటలు విన్నవాళ్ళే.

పాటలబాట
అందరికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. మా వాళ్ళతో కూర్చుని మార్చుకున్నాం. రూఫ్ బాక్స్ లేదు. తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరతాం. హైవే స్టేషన్‌లో 90 దాకా, చిన్న ఊళ్ళో ఇరవై నిమిషాలు. కాపలా మోడ్ ఆఫ్. యాప్‌లు వేసుకున్నాం, ఒక కంపెనీ కార్డు పోస్టులో రావాలి. తిరుగు ప్రయాణం చివరి రాత్రి కాకుండా నిద్రపోయి మరుసటి రోజు పొద్దున పెట్టుకున్నాం. కారు, పార్కింగ్ ఒక చోట, గుడారాలు ఇంకో చోటేనట, కాబట్టి ఫ్రిజ్ ఆలోచన మానుకున్నాం.

దారిలెక్క
బాగుంది. ఒక్కటి చూశారా? ప్లగ్‌షేర్‌లో (చార్జర్లు వెతికే యాప్) ఆ చిన్న ఊరి చార్జర్ మీద ఈ వారం వచ్చిన చెక్-ఇన్‌లు, అంటే అక్కడ చార్జింగ్ పెట్టినవాళ్ళు రాసినవి, చదివాను. రెండు గన్‌లలో ఒకటి పనిచేయట్లేదని వరసగా ముగ్గురు రాశారు. వచ్చే నెలకు బాగుచేస్తారేమో, కానీ దాని మీద ప్లాన్ నిలబెట్టొద్దు.

పాటలబాట
అయ్యో. అయితే ఏం చెయ్యమంటారు?

దారిలెక్క
మ్యాప్‌లో మైదానం దాటి అవతలి వైపు చూడండి. ఫెస్ట్‌కి వచ్చే జనమంతా హైవే వైపు నుంచే వస్తారు, అటే పోతారు. అవతల 30 కిలోమీటర్ల దగ్గర ఇంకో ఊళ్ళో నాలుగు గన్‌లున్నాయి. చెక్-ఇన్‌లు అన్నీ బాగున్నాయి, నిన్నటిది కూడా ఉంది.

హైవే స్టేషన్‌లో 90 పెట్టుకుని నేరుగా అక్కడికి వెళ్ళిపోండి. 180 కిలోమీటర్లకు 58 శాతం పోయి 32తో చేరతారు. అక్కడ 90 దాకా ఎక్కించి మైదానానికి వెనక్కి వస్తే 80తో గేటు దాటుతారు. చిన్న ఊరి ప్లాన్ కంటే మూడు శాతం ఎక్కువే. నష్టం 60 కిలోమీటర్ల అదనపు డ్రైవింగ్, ఒక గంట.

మూడోవరుస
నేనైతే ఆ గంట పెట్టేస్తాను. ఆ వైపు గేటు ఉందేమో కూడా కనుక్కోండి. సాధారణంగా పెద్ద ఫెస్ట్‌లకు రెండు మూడు గేట్లుంటాయి, మీ టికెట్‌లో పార్కింగ్ రంగు బట్టి ఏ గేటో చెప్తారు.

పాటలబాట
మా పాస్ తూర్పు గేటుకి. మ్యాప్‌లో చూస్తే మీరు చెప్పిన ఊరి రోడ్డు సరిగ్గా ఆ గేటు ముందుకే వస్తోంది. అటే వెళ్తున్నాం. బయల్దేరే ముందు రోజు రాత్రి రెండు చోట్లా చెక్-ఇన్‌లు చూసి ఇక్కడ రాస్తాను, ఆ దారిలో ఇంకెవరైనా వస్తుంటే పనికొస్తుంది.